ఈ వైపు బయటికి

పోయినవారం పూతమ్మను కళ్ళాసుపత్రి గేటు దగ్గర నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో నీళ్ళు చిమ్మే సీసా, ఎదురుగా మూడంతస్తుల అద్దాల గోడ, చెవుల్లో ప్రయోగశాల డైరెక్టరు గారి మాటలు. రేపటి సమావేశంలో తన పూత పనికిరాలేదని ఆమె తన నోటితో తానే ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ మాట ఆయనే చెబుతాడు. ఎవరు చెప్పినా జరిగేది ఒకటే. ఆమె ప్రయోగశాల గదికి తాళం పడుతుంది, ఆమెను నమ్ముకుని పనిచేస్తున్నవాళ్ళు తలో దిక్కూ చూసుకుంటారు.

పూతమ్మ అన్నది అసలు పేరు కాదని పాతవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పనిలో ఉన్నా, పెళ్ళి పంక్తిలో కూర్చున్నా ఆమె నోట పూత సంగతి తప్ప ఇంకో మాట రాదు కనుక తోటివాళ్ళు అలా పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇంట్లోవాళ్ళకూ అదే అలవాటైపోయింది. ఆ పూత కంటికి ఆనదు. పూసిన అద్దాన్నీ పూయని అద్దాన్నీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం పూసినవాళ్ళ వల్ల కూడా కాదు. కానీ ఎండ తగిలితే చాలు, అద్దం మీద చేరిన పొగనీ జిడ్డునీ మెల్లగా తినేస్తుంది. వాన పడితే నీళ్ళు చుక్కలు కట్టకుండా పలచటి పొరలా పరుచుకుని, మిగిలిన దుమ్మును కూడా ఊడ్చుకుని దిగిపోతాయి. చీపురుతో పని లేదు, గుడ్డతో పని లేదు. అద్దం తన ముఖం తానే కడుక్కుంటుంది.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట. ఆసుపత్రి గోడ మీదికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. పై అంతస్తుల అద్దాలు రోడ్డు పక్క టీ కొట్టు కిటికీకన్నా అన్యాయంగా తయారయ్యాయి. చూపు బాగుచేసే చోట గోడకే చూపు పోయిందని రోగులు నవ్వుకుంటున్నారు. ఒక్క కింది వరుస మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. అది చేతికందే ఎత్తు కాబట్టి ఆసుపత్రివాళ్ళు తుడుస్తున్నారని అందరూ అనుకున్నారు. పూతమ్మ కూడా అదే అనుకుంది. ఇంత చదువుకున్న మనిషి, ఎవరు తుడుస్తున్నారని ఒక్కసారి అడిగి తెలుసుకోవచ్చు కదా? అడగలేదు. ఓడిపోయాననుకున్న మనిషికి ప్రశ్నలు కూడా ముందుకు రావు మరి.

ఆ రోజు గోడ కడగడానికి మనుషుల్ని పిలిపించారు. వాళ్ళు ఉయ్యాల అని పిలుచుకునే ఇనప తొట్టి ఒకటి తాళ్ళ మీద పైనుంచి వేలాడుతోంది. అందులో ఇద్దరు నిలబడి, మోటారు పైపుతో జోరుగా నీళ్ళు కొడుతున్నారు. కడగక్కర్లేదని తాను ఊరంతా చాటిన అద్దాలను మనుషులు వచ్చి కడుగుతుంటే చూడటం, ఆమెకు గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకుంది. అయినా కళ్ళు ఊరుకుంటాయా, నీళ్ళ వెంబడే కిందికి దిగాయి.

పై అద్దాల మీద నీళ్ళు చుక్కలు కట్టి, చారలు చారలుగా విడిపోయి కారుతున్నాయి. అది మామూలు అద్దం నడత. అవే నీళ్ళు కింది వరుసకు చేరగానే ఒక్క చార కూడా లేకుండా కలిసిపోయి, నున్నగా, పలచగా, ఒకే పొరలా దిగుతున్నాయి. పూతమ్మ రెండడుగులు ముందుకు వేసింది. గుడ్డతో ఎంత తుడిచినా అద్దం అలా ప్రవర్తించదు. అలా ప్రవర్తించేది తన పూత ఒక్కటే. అంటే కింది వరుసకు పూత ఉంది. మరి పై వరుసల పూత ఏమైంది? అన్నీ ఒకే గదిలో, ఒకే చేతి మీదుగా, ఒకే కొలిమిలో కాలి వచ్చినవే కదా.

కడిగేవాళ్ళు మోటారు ఆపి భోజనానికి దిగారు. ఈమె మెట్లెక్కి పై అంతస్తుకు పోయింది.

ఆ అంతస్తులో గోడ పొడవునా వరండా ఉంది. ఒక పక్క వార్డు తలుపులు, రెండో పక్క నేల నుంచి కప్పు దాకా అద్దాలు. మేకు కనిపించకూడదు, పట్టీ కనిపించకూడదు, బయటి నుంచి చూస్తే అద్దం తప్ప ఏమీ ఉండకూడదని ఆ భవనం గీసినాయన పట్టుదల. అందుకని ఒక్కో అద్దాన్నీ లోపలి ఇనప చట్రానికి జిగురుతో అంటించారు, అంతే. పూతమ్మ సీసా ఎత్తి అద్దానికి ఇవతలి వైపు, అంటే వరండా వైపు, నీళ్ళు చిమ్మింది.

నీళ్ళు పలచటి పొరలా పరుచుకున్నాయి. పక్క అద్దం మీద చిమ్మింది, దాని మీదా అంతే. ఆ పక్కదాని మీదా అంతే.

పూత బ్రహ్మాండంగా ఉంది. లోపలికి తిరిగి ఉంది, అంతే తేడా. వాన పడని వైపుకి, పొగ చేరని వైపుకి ముఖం పెట్టుకుని ఇన్నాళ్ళూ పనీపాటా లేకుండా కూర్చుంది. బయట దుమ్ము కొట్టుకుపోతున్నదేమో వట్టి అద్దం. పూతమ్మకు నవ్వు వచ్చింది, ఆ నవ్వుతో పాటే కళ్ళు తడిశాయి. వార్డులోంచి వస్తున్న నర్సు ఆగి ఏమైందని అడిగితే, ఏమీ కాలేదండీ, నేను ఓడిపోలేదు, అంది. కళ్ళ ఆసుపత్రిలో కళ్ళు తుడుచుకునేవాళ్ళు కొత్త కాదు గనుక ఆ నర్సు తన దారిన తాను పోయింది.

అప్పుడు కనిపించింది ఆ చీటీ. చట్రం మూలన, అద్దం మీద సగం చిరిగి అతుక్కుని ఉంది. అద్దాలు బిగించేవాళ్ళు పొరబడకూడదని పూతమ్మే దగ్గరుండి అచ్చు వేయించి, ప్రతి అద్దానికీ పూత ఉన్న వైపున అంటించింది. పెద్ద అక్షరాలు, పసిపిల్లలకైనా అర్థమయ్యే మాట. ఈ వైపు బయటికి. ఆమె గోటితో దాన్ని ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది. చదవడం రాక చేసిన పని కాదిది. చదివి, సగం చింపి, తిప్పి పెట్టిన పని.

సరిగ్గా అప్పుడే వరండా చివర వజ్రం బావ కనిపించాడు.

ఈ వజ్రం బావ ఆమె అక్క మొగుడు. అద్దం కోసే వజ్రపు ములికి ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఈ గోడకు అద్దాలు బిగించింది ఆయనే. ఆ పని ఆయనకు ఇవ్వమని నలుగురిలో అడిగింది పూతమ్మే. అక్క మొగుడు గనుక ఇప్పించుకుందని కొందరు మూతులు విరిచినా, నా పూతను జాగ్రత్తగా చూసుకునే చెయ్యి కావాలని వాదించి మరీ నెగ్గింది. ఆ రోజు పొద్దున్నే అక్క కంటికి ఇక్కడే ఆపరేషన్ అయింది. బావ చేతిలో మందుల సంచీ, భుజానికి అక్క చేతిసంచీ వేలాడుతున్నాయి. ఆపరేషన్ చక్కగా జరిగిందనీ, అక్కను కింద కూర్చోబెట్టి డాక్టరు గారి చీటీ కోసం వచ్చాననీ హుషారుగా చెప్పుకుంటూ వచ్చాడు. ఆమె అరచేతిలోని కాగితం ముక్క చూశాక ఆ హుషారు కాస్తా దిగిపోయింది.

"ఇది లోపలికెందుకుంది బావా?" అంది పూతమ్మ.

బావ ముందు నవ్వబోయాడు. తరువాత పనివాళ్ళ మీదికి నెట్టబోయాడు. ఆమె కన్ను ఆర్పకుండా చూస్తూ ఉండేసరికి, పక్కనున్న బల్ల మీద సంచీలు దింపి కూర్చున్నాడు. ఆ తరువాత దారం ఉండ విప్పినట్టు ఒక్కొక్కటే బయటికి వచ్చింది.

కింది వరుస బిగించినప్పుడు చీటీ చెప్పినట్టే పూత వైపు బయటికే పెట్టాడట. అద్దానికీ అద్దానికీ మధ్య సందుల్లో జిగురు నింపుతుంటే అది పూత మీదికి పాకి మరకలు చేసిందట. ఎంత తుడిచినా పోలేదట. ఆసుపత్రి తరఫు ఇంజినీరు వచ్చి, మొదటి రోజే ఇలా ఉంటే గోడంతా అయ్యేసరికి ఏం చూడాలి అని నలుగురి ముందూ గడ్డిపెట్టాడట. పని పోతుందేమోనని బావకు భయం పట్టుకుంది. మిగతా వరుసలు తిప్పి పెడితే బయట వైపు ఏ మరకైనా ఇట్టే తుడుచుకోవచ్చు, లోపల వైపు సందులు నింపే పనే లేదు. ఇంకేం, తిప్పేశాడు. ఆ మరకలు కూడా ఎండకూ వానకూ తరువాత వాటంతట అవే పోయాయట.

"అద్దమే కదమ్మా. అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఒకటే కదా అనుకున్నా."

"నన్నొక్క మాట అడగొచ్చుగా."

"అడిగితే నువ్వు ఒప్పుకోవని తెలుసు. నా వల్ల నీకు మాట రాకూడదనే చేశాను. నువ్వు ఇప్పించిన పని కదా."

అదీ సంగతి. మరదలికి చెడ్డ పేరు రాకూడదని మరదలి ఏళ్ళ కష్టాన్ని గోడకు తిప్పి అంటించిన మహానుభావుడు. పూతమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలలుగా తాను నిద్ర మానుకుని మందు పాళ్ళు మార్చి మార్చి చూస్తుంటే, అక్క ఇంట్లో మంచం మీద కూర్చుని తన ఏడుపు ఏడుస్తుంటే, ఈయన ఎదురుగా కూర్చుని మంచినీళ్ళు అందించాడే గానీ పెదవి విప్పలేదు. ఆ మాటే అడిగింది. బావ తల దించుకున్నాడు. మొదట్లో చెబుదామనుకున్నాననీ, రోజులు గడిచేకొద్దీ నోరు రాలేదనీ గొణిగాడు. చెప్పుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఆయన దగ్గర లేదు, చాలామంది దగ్గర ఉండదు కూడా.

రేపు సమావేశంలో చెప్పేస్తానంది పూతమ్మ. ఇద్దరు మనుషుల్నీ ఒక నిచ్చెననూ తీసుకొచ్చి, డైరెక్టరు గారి కళ్ళ ముందే అటూ ఇటూ నీళ్ళు చిమ్మి చూపిస్తానంది. బావ ముఖం పాలిపోయింది. ఆ మాట బయటికి పోతే ఇక ఈ ఊళ్ళో కిటికీ అద్దం మార్చడానికి కూడా తనను పిలిచేవాళ్ళుండరని అన్నాడు. అందులో అబద్ధం లేదు. చీటీ చూసి కూడా తిప్పి పెట్టినవాడికి ఎవరు పని ఇస్తారు?

"మీ అక్కకి ఇవాళే కదా కంటికి కత్తి పెట్టారు. వారం దాకా ఏడవకూడదన్నారు. కాస్త ఆగు."

పూతమ్మ అరచేతిలోని చీటీని మడత పెట్టింది. చెబితే అక్క సంసారం రోడ్డున పడుతుంది, చెప్పకపోతే తన బతుకు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు. చిన్నప్పుడు తన జడలు వేసింది, పరీక్షల రోజుల్లో తన పక్కన కునికిపాట్లు పడుతూ మేలుకుని కూర్చుంది ఆ అక్కే. రేపటి సమావేశంలో ఇంకొంచెం గడువు అడిగి, ఎవరికీ తెలియకుండా అద్దాలు తిప్పేస్తే ఏం పోయింది? గోడ శుభ్రపడుతుంది, పూత గెలుస్తుంది, బావ పరువు దక్కుతుంది. తప్పని తెలుస్తూనే ఉంది. అయినా మనసు అటే జారింది. ఆమెను తప్పు పట్టే ముందు మన ఇళ్ళల్లోకి ఒకసారి తొంగిచూసుకుందాం.

కోపం దిగినట్టు కనిపించగానే బావ ప్రాణం లేచొచ్చింది. తానే ఆ ఆలోచన బయటపెట్టాడు. తన ఖర్చుతో, తన మనుషులతో, ఒక్కో వరుసా దించి తిప్పి పెట్టిస్తానన్నాడు. చట్రానికి అంటిన జిగురు రాయిలా ఉంటుంది కదా, దాన్ని కోసి అద్దం పీకాలంటే ఎన్ని రోజులు పడుతుందోనని పూతమ్మ సందేహపడింది.

"కోసే పనే లేదమ్మా," అన్నాడు బావ. ఆయన గొంతులో సంతోషం వినిపిస్తోంది. "ఆ మధ్య ఈ చివరనే ఒక అద్దానికి రాయి తగిలి పగిలింది. మార్చడానికి కత్తులూ తీగలూ పట్టుకొచ్చాను. తీరా చెయ్యి వేస్తే, పాల మీద మీగడ తీసినట్టు వచ్చేసింది. జిగురంతా చట్రానికే ఉండిపోయింది, అద్దం మీద అంటుకున్న ఆనవాలే లేదు. నీ పూత గట్టిది. దాని మీద ఏదీ నిలవదు."

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. పూతమ్మ మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

ఎండ తగిలితే తన పూత ఏం చేస్తుంది? మీదికి చేరిన జిడ్డును తింటుంది. జిడ్డేదో జిగురేదో దానికి తెలియదు. తెలిసేలా ఆమె చేయలేదు. పూత బయటికి ఉంటుందని, జిగురు అవతలి వైపున వట్టి అద్దానికి పట్టుకుంటుందని నమ్మి, ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో పరీక్షించి చూడను కూడా లేదు. కింది వరుస మీద మరకలు వాటంతట అవే పోయాయని బావ ఇందాక చెబితే వింది, అయినా ఆమెకు తట్టలేదు. ఇప్పుడు ఈ గోడంతా పూత వైపునే చట్రానికి అతుక్కుని ఉంది. పొద్దుటి ఎండంతా తూర్పు ముఖంగా ఉన్న ఈ గోడ మీదే. ఆ ఎండ అద్దం లోంచి దూసుకొచ్చి జిగురు మీదే పడుతోంది, రోజూ. పూత పనీపాటా లేకుండా కూర్చుందని ఇందాక నవ్వుకుంది కదా. ఒక్క రోజు కూడా ఊరికే కూర్చోలేదు అది.

"బావా, ఆ అద్దం మార్చాక మిగతావి పట్టుకుని చూశావా?"

లేదన్నాడు. ఆమె వెళ్ళి దగ్గర్లోని అద్దం అంచున, అద్దానికీ జిగురుకూ మధ్య గోరు పెట్టబోయి, భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. జిగురు చట్రాన్ని పట్టుకుని ఉంది. ఆ పైన అద్దాన్ని ఏం పట్టుకుని ఉందో ఆమెకు తెలియదు. ఇది తిప్పి పెట్టి దాచే వ్యవహారం కాదని, రేపటి దాకా ఆగే వ్యవహారం అసలే కాదని ఆమెకు అర్థమైంది. గేటు మూయించాలి. గోడ కింద మనిషన్నవాడు లేకుండా చేయాలి. ఎందుకని అడుగుతారు. చెప్పాలి. బావ పేరూ చెప్పాలి, తన పేరూ చెప్పాలి.

"అక్కని ఎక్కడ కూర్చోబెట్టావు?" అంది.

"కింద, నీడలో. గోడ పక్కన బెంచీ మీద."

మధ్యాహ్నం దాటితే ఆ గోడ నీడ చల్లగా ఉంటుందని రోగులందరూ అక్కడే కూర్చుంటారు. బావకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఆమె ముఖం చూసి లేచి నిలబడ్డాడు. అప్పుడే బయట మోటారు మొదలైంది.

కడిగేవాళ్ళు భోజనాలు ముగించుకుని వచ్చారు. ఆ చివర పని అయిపోయింది కాబట్టి ఉయ్యాలను ఈ చివరికి లాక్కొచ్చారు. పూతమ్మ అద్దం దగ్గరకు పరుగెత్తింది. పక్క అద్దానికి ఎదురుగా ఇద్దరూ పైపు సర్దుకుంటున్నారు. కింద బెంచీ మీద కంటికి తెల్లటి కట్టుతో అక్క కనిపించింది. నేను వచ్చేదాకా కదలకు అని మొగుడు చెప్పాడు కాబట్టి ఎవరు చెప్పినా ఆవిడ లేవదు. అక్క సంగతి వాళ్ళిద్దరికీ తెలుసు.

బావ గబగబా అక్క నంబరు నొక్కాడు. బల్ల మీద, అక్క చేతిసంచీలోనే ఫోను మోగింది. ఆయన దాన్ని అక్కడే వదిలేసి మెట్ల వైపు పరుగు తీశాడు. చిన్న వయసు కాదు, మెట్లు చాలా ఉన్నాయి.

పూతమ్మ బయటివాళ్ళకు చేతులు ఊపింది, ఆపమని అరిచింది. మోటారు హోరులో వాళ్ళకేం వినిపిస్తుంది? అద్దం మీద బాది పిలుద్దామని పిడికిలి ఎత్తింది. ఎత్తిన పిడికిలి గాలిలోనే ఆగిపోయింది. ఈ అద్దాన్ని బాదడమా?

పైపు నీళ్ళు ఆమె ఎదుటి అద్దాన్ని తాకాయి. పై మూలన, చట్రానికీ అద్దానికీ మధ్య జిగురు వదిలిన సందు నుంచి, నీళ్ళు లోపలికి వచ్చాయి. ఒక్క చుక్క కట్టలేదు, ఒక్క చార విడిపోలేదు. ఆమె ఏళ్ళ తరబడి కోరుకున్నట్టే పలచటి పొరలా పరుచుకుని, నున్నగా కిందికి దిగుతున్నాయి. ఆ నీళ్ళ పొర లోంచి అక్క కనిపిస్తోంది. పైనుంచి తుంపర మొహాన పడుతోందేమో, కట్టు లేని కన్ను మూసుకుని, తల పైకెత్తి నవ్వుతోంది.